మగ్గం చీరలు ఆన్‌లైన్‌లో పెట్టి నాలుగు నెలలైంది, మూడే అమ్ముడయ్యాయి. ఎక్కడ పొరపాటు?

పడుగుపేక_మంగళగిరి

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి నాన్నది, ఒకటి బాబాయిది. ఇన్నాళ్లూ మాస్టర్ వీవర్ నూలు ఇస్తే నేసిపెట్టి కూలి తీసుకోవడమే. పోయినేడు ధైర్యం చేసి ఒక పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు) మాకోసమే వేసుకున్నాం. 80 నంబరు సన్న నూలు, నిజాం అంచు, ఒళ్లంతా ప్లెయిన్. బీకాం అయ్యాక నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి అమ్మే పని నా నెత్తిన పడింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి నాలుగు నెలలు. 61 పోస్టులు. ఫాలోయర్లు 212, అందులో నలభై మంది చుట్టాలే. అమ్మింది మూడు చీరలు. వాటిలో రెండు అమ్మ స్నేహితురాలు తీసుకుంది, మొహమాటానికే అని నా అనుమానం. ఫేస్‌బుక్ కూడా తెరవాలా? యూట్యూబా? యాడ్‌కి డబ్బులు పెట్టాలా? తమ్ముడేమో లింక్డిన్ అంటాడు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. నాన్న మాత్రం "ఫోన్ పట్టుకుని కూర్చుంటే చీరలు అమ్ముడవుతాయా" అని రోజుకోసారైనా అంటున్నాడు.

బెజవాడ_బొటిక్

అమ్మాయీ, నువ్వు ఇక్కడే వేరే చర్చలో ఇచ్చిన పేజీ చూశాను. కోప్పడకపోతే చెప్తాను. 61 పోస్టుల్లో 23 శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు. నీ దగ్గర చీర కొనాలని వచ్చినావిడకి దేవుడి బొమ్మ మీద "శుభ శుక్రవారం" ఎందుకమ్మా? మిగతావి ట్యూబ్‌లైటు కింద ప్లాస్టిక్ కుర్చీ మీద వేసి తీసిన ఫోటోలు. వంకాయ రంగు చీర నల్లగా కనపడుతోంది. ధర ఎక్కడా లేదు, అన్నిటికీ "ధరకి మెసేజ్ చేయండి" అనే ఉంది.

ముందు ఈ మూడూ సరిచెయ్. యాడ్ల సంగతి తర్వాత.

పడుగుపేక_మంగళగిరి

కోపమేం లేదు ఆంటీ, నిజమే చెప్పారు. ధర పెట్టకపోవడానికి కారణం ఉంది. ఊళ్లో అందరూ చూస్తారు. మేం 1,850 అని పెడితే పక్కవాళ్లు 1,750 అంటారు. మాస్టర్ వీవర్‌కి తెలిస్తే ఇంకో గొడవ.

బెజవాడ_బొటిక్

పక్కవాళ్లకి నీ ధర ఎలాగూ తెలుసు, నీ పెరట్లో ఏం కూర వండారో కూడా తెలిసే ఊరది. తెలియనిది కొనేవాళ్లకే. రాత్రి పదింటికి పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ చూసే మనిషి "ధర ఎంత" అని అడిగి, నువ్వు పొద్దున జవాబిచ్చేదాకా ఆగదు. ఇంకో సంగతి, ధర దాస్తే మనిషిని చూసి చెప్తారని అనుకుంటారు. నేనైతే అలాగే అనుకుంటాను.

చిటికి_కట్టు

మాది పోచంపల్లి. నేను గూడ గిట్లనే మొదలువెట్టిన అక్కా. ఇన్‌స్టాల రీల్స్ మీద రీల్స్ పెట్టిన, లైకులొచ్చినయి గాని చీర కదల్లే. 2021ల మా ఊరికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ బెస్ట్ టూరిజం విలేజ్ అని గుర్తింపిచ్చింది గద, అప్పటిసంది ఊరు చూడనీకి వచ్చేటోళ్లు ఎక్కువైన్రు. మా నాయన వాళ్లకు ఆసు పోసుడు (నూలు చుట్టుడు), చిటికి కట్టుడు (రంగు అంటకుంట నూలుకు ముడులేసుడు) అన్నీ చూపిస్తడు, వాళ్లు ఒకటో రెండో చీరలు కొనుక్కొని పోతరు. మళ్ల వాళ్ల ముచ్చటే లేదు.

ఒకనాడు మా అక్క ఒక పాత లెక్కల బుక్కు తీసి, వచ్చినోళ్లందరి పేరు, నంబరు రాపిచ్చుడు షురూ చేసింది. ఏ రంగు కొన్నరు, ఎవరికోసం కొన్నరు గది గూడ. ఆ బుక్కే మాకు దుకాణమైంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఏసుకున్నం, అండ్ల కేటలాగ్‌ల చీర ఫోటో, ధర, కొలత పెట్టినం. బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసినం, ఒక్క మెసేజ్ పెడ్తె అందరికీ విడివిడిగ పోతది. ఒక లిస్టుల 256 మందే పడ్తరు. ఇంకోటి మస్తు మందికి తెల్వది: వాళ్ల ఫోన్ల నీ నంబరు సేవ్ అయి ఉంటెనే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ పోతది. అందుకే చీర ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేస్కోండి, కొత్త రంగులొస్తే ఫోటో పెడ్త" అని అడుగుతం. అడిగి పెట్టుడు వేరే, అడగకుంట గ్రూపుల పడేసుడు వేరే. గ్రూపుల ఏస్తే సగం మంది అదే గంటల బయటికి పోతరు.

పచ్చళ్ల_రాజమండ్రి

పై తమ్ముడు చెప్పిన లెక్కల పుస్తకం మాట నూటికి నూరుపాళ్లు. నా కథ వినండి. నేను 2019లో టిక్‌టాక్‌లో ఆవకాయ కలిపే వీడియోలు పెట్టేదాన్ని. మా అత్తగారు జాడీలో చెయ్యి పెట్టి కలుపుతూ తిట్టే తిట్లు జనానికి తెగ నచ్చేవి. ఎనభై వేల మంది దాకా చేరారు. ఆర్డర్లన్నీ అందులో మెసేజ్‌ల మీదే. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లు నిషేధించింది, అందులో అదొకటి. వేసవి ఆర్డర్లు ఇంకా పంపాల్సినవి ఉన్నాయి. డబ్బు కట్టినవాళ్ల నంబర్లున్నాయి కాబట్టి వాళ్లవి పంపాను. మిగతా ఎనభై వేల మందిలో ఒక్కరి పేరు కూడా నా దగ్గర లేదు.

తప్పు నాదే. అవతలివాడి అరుగు మీద కూర్చుని అది నా ఇల్లే అనుకున్నాను. ఇప్పుడు ఇన్‌స్టాలో ఉన్నాను, రీల్స్ మన దేశానికి వచ్చిందే ఆ జులైలో. కానీ వచ్చిన ప్రతి మనిషినీ వాట్సాప్‌కి తెచ్చుకుంటాను, నెలకోసారి నంబర్లన్నీ కాగితం మీదకి ఎక్కిస్తాను. 2021 అక్టోబర్ 4 రాత్రి గుర్తుందా, ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ రాత్రి కాగితం చూసి నలుగురికి మామూలు ఫోన్ చేశాను.

నిజం_చెప్తా_నిష్ఠూరమైనా

ఇదంతా కాలక్షేపం. ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకుంటే వారంలో మూడొందల చీరలు పోతాయి. ముట్టుకోకుండా చేనేత ఎవరు కొంటారు?

చిటికి_కట్టు

అన్నా, ఎగ్జిబిషన్ వద్దని ఎవరన్నరు? స్టాల్ కాడికి వచ్చినోళ్ల నంబరు రాసుకుంటవా లేదా, గది చెప్పు.

నిజం_చెప్తా_నిష్ఠూరమైనా

రాసుకోను. సరే, పాయింటే.

ల్యాబ్_కోటు_14

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది చీరల సమస్య కాదు, ఉద్యోగం. జీడిమెట్ల వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్‌లో 14 ఏళ్లుగా చేస్తున్నాను. యూనిట్ మూసేస్తారని గుసగుసలు. లింక్డిన్‌లో ఖాతా తెరిచి ఆరేళ్లయింది, ఫోటో కూడా లేదు. మా జూనియర్లు అక్కడ "ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్న పది పాఠాలు" అని రాస్తుంటారు. నాకు అలా రాయడం చేతకాదు, సిగ్గు. నాలాంటివాడికి అది పనికొస్తుందా?

హెచ్ఆర్_అక్క

పనికొస్తుంది, మీలాంటివాళ్లకే ఎక్కువ. ఫార్మాలో మనుషుల్ని వెతకడం నా పని, పదకొండేళ్లుగా హైదరాబాద్‌లోనే. లోపలి నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

మేం పాఠాలు చదవం. వెతుకుతాం. పెట్టెలో "హెచ్‌పీఎల్‌సీ", "స్టెబిలిటీ", "ఓఓఎస్" (పరీక్ష ఫలితం హద్దు దాటడం) లాంటి ల్యాబ్ మాటలు కొడితే ఎవరి ప్రొఫైల్‌లో ఆ మాటలుంటే వాళ్లు పైకొస్తారు. మీ పేరు కింద హెడ్‌లైన్‌లో 220 అక్షరాల దాకా చోటుంది. చాలామంది అక్కడ "సీనియర్ ఎగ్జిక్యూటివ్" అని వదిలేస్తారు. ఏం ఎగ్జిక్యూటివో మాకెలా తెలుస్తుంది? "క్వాలిటీ కంట్రోల్, బల్క్ డ్రగ్స్, 14 ఏళ్లు, హెచ్‌పీఎల్‌సీ, స్టెబిలిటీ స్టడీస్, ఓఓఎస్ దర్యాప్తులు, యూఎస్‌ఎఫ్‌డీఏ ఆడిట్ అనుభవం" అని పెట్టండి, నిజంగా చేసినవైతేనే. అక్కడ మాత్రం ఇంగ్లిష్‌లో రాయండి, వెతికేది ఆ భాషలోనే.

ఫోటోకి స్టూడియోకి పోనక్కర్లేదు. కిటికీ పక్కన నిలబడి, ఇస్త్రీ చొక్కా, మొహం కనపడేలా. పెళ్లి ఫోటోలోంచి పక్కవాళ్ల భుజం కనపడేలా కత్తిరించినవి వద్దు, రోజుకి పది చూస్తాను అలాంటివి.

"ఓపెన్ టు వర్క్" విషయం జాగ్రత్త. అందులో రెండు రకాలున్నాయి: పచ్చ పట్టీతో అందరికీ కనపడేది, రిక్రూటర్లకి మాత్రమే కనపడేది. ఉద్యోగంలో ఉండి వెతుకుతున్నారు కాబట్టి రెండోది పెట్టుకోండి. అది పెట్టినా మీ కంపెనీ వాళ్లకి అస్సలు తెలియదని లింక్డిన్ కూడా పూచీ ఇవ్వదు. ల్యాబ్ లోపలి ఫోటోలు, బ్యాచ్ కాగితాలు పొరపాటున కూడా పెట్టకండి.

ల్యాబ్_కోటు_14

ధన్యవాదాలు మేడమ్. మరి మెసేజ్ ఎలా పెట్టాలి? తెలియనివాళ్లని ఉద్యోగం అడగాలంటే గొంతు పెగలదు.

హెచ్ఆర్_అక్క

తెలియనివాళ్లతో మొదలుపెట్టకండి. 14 ఏళ్లలో మీతో పనిచేసి వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది? కాగితం మీద పేర్లు రాస్తే ముప్పైకి తగ్గరు. కొందరు బాచుపల్లిలో ఉంటారు, కొందరు విశాఖ పక్కన పరవాడ ఫార్మా సిటీలో, ఒకరిద్దరు బయటిదేశాల్లో. ముందు వాళ్లని కలుపుకోండి. ఇన్విటేషన్‌తో పాటు నోట్ రాయండి, కాకపోతే ఉచిత ఖాతాకి నెలకి కొన్నింటికే ఆ వీలుంటుంది, అందుకే ముఖ్యమైనవాళ్లకి దాచుకోండి.

నాకు రోజూ వచ్చేది ఇది: "డియర్ మేడమ్, అటాచ్డ్ మై రెజ్యూమ్, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్." అంతే. పోయిన నెల ఒకాయన ఇలా రాశాడు, ఆయన అనుమతితో తెలుగులో చెప్తున్నాను: "మీరు పెట్టిన స్టెబిలిటీ పోస్టు చూశాను. అందులో అడిగిన ఐదింట్లో నాలుగు నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఐదోది, మీరన్న కొత్త సాఫ్ట్‌వేర్, నాకు రాదు. అది లేకపోతే కుదరదంటే చెప్పండి, మీ సమయం వృథా చేయను." రాదు అని ఒప్పుకున్న మనిషి కాబట్టి వచ్చన్నవి కూడా నమ్మాను. అదే రోజు ఫోన్ చేశాను.

రాయడానికి సిగ్గు అన్నారు. మీరు రాయకపోయినా ఫర్వాలేదు. వేరేవాళ్లు అడిగిన ప్రశ్న కింద, ల్యాబ్ యంత్రంలో కాలమ్ ప్రెషర్ ఎందుకు పెరిగిందో తెలిస్తే రెండు వాక్యాలు రాయండి. 14 ఏళ్ల అనుభవం ఆ రెండు వాక్యాల్లో కనపడుతుంది.

ల్యాబ్_కోటు_14

కాలమ్ ప్రెషర్ గురించైతే రెండు పేజీలు రాస్తాను మేడమ్ 😀

డాలస్_వదిన

మంగళగిరి అమ్మాయికి కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను. ఏడాదికి ఐదారు చీరలు ఇలా ఫోన్లో చూసే తెప్పించుకుంటాను. నాకు కావాల్సింది మోడల్ కట్టుకున్న ఫోటో కాదు. ఆరుబయట నీడలో పరిచిన చీర. ఒళ్లు, అంచు, కొంగు, జాకెట్ ముక్క విడివిడిగా. పొడవు జాకెట్ ముక్కతో కలిపి ఎంతో. మొదటిసారి ఉతికితే రంగు పోతుందా పోదా, పోతే పోతుందని రాసెయ్యమ్మా, నేను విడిగా ఉతుక్కుంటాను. చేనేతే అని నమ్మకం ఎలా? నాకు మా అమ్మ చెప్పింది: నేసేటప్పుడు బట్టని సాగదీసి పట్టే కర్రకి సూదులుంటాయి, వాటి రంధ్రాలు అంచు పక్కన వరసగా కనపడతాయి. ఆ రంధ్రాల దగ్గర ఫోటో తీసి పెట్టు, వందమాటలక్కర్లేదు. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ అని చేనేతకి ప్రభుత్వ గుర్తు కూడా ఉంది కదా, ఉంటే ఆ లేబుల్ చూపించు.

"హాయ్ డియర్" అని మాత్రం మొదలెట్టొద్దు. అండీ అంటే చాలు.

పచ్చళ్ల_రాజమండ్రి

వీడియోల గురించి ఒక మాట. ఇన్‌స్టాలో బిజినెస్ ఖాతా పెట్టుకుంటే సినిమా పాటలు చాలావరకు వాడుకోనివ్వదు. మొదట్లో ఏడ్చాను. తర్వాత అర్థమైంది, అదే మంచిదైంది. మీ ఇంట్లో మగ్గం చప్పుడుంది, నాడె ఇటునుంచి అటు పోయే టకటక. దానికి మించిన పాట ఏముంది? నా ఆవకాయ వీడియోకి పాట తీసేసి, ఆవపిండి మీద నూనె పోసే శబ్దం ఒక్కటే ఉంచాను, ఎక్కువ మంది చూశారు.

సైబర్_తాత

రిటైర్డు బ్యాంకు ఉద్యోగిని. కొత్తగా పేజీ తెరిచినవాళ్లే దొంగలకి తేలిగ్గా దొరుకుతారు, అందుకని చెప్తున్నా. ఒకడు "నేను ఆర్మీలో ఉన్నాను, మా యూనిట్ ఆడవాళ్లకి 20 చీరలు కావాలి" అని మెసేజ్ పెడతాడు. బేరం ఆడడు, అక్కడే అనుమానం రావాలి. అడ్వాన్స్ వేస్తానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు తల్లీ, పిన్ కొట్టావంటే పోయేది నీ డబ్బే. రెండో రకం, డబ్బు వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపి, పొరపాటున ఎక్కువ వేశాను, తిరిగి పంపమంటాడు. బ్యాంకు బ్యాలెన్స్‌లో పడితేనే పడినట్టు. మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

"మీ పేజీ కాపీరైటు ఉల్లంఘించింది, 24 గంటల్లో మూసేస్తాం, ఈ లింక్ నొక్కండి" అని వచ్చినా నొక్కొద్దు. రెండంచెల వెరిఫికేషన్ (ఖాతా తెరవాలంటే ఇంకో కోడ్ కూడా అడిగే తాళం) ఈ రాత్రే పెట్టుకో, ఇన్‌స్టాకీ వాట్సాప్‌కీ రెంటికీ.

బెజవాడ_బొటిక్

గూగుల్ మ్యాప్స్‌లో కూడా పెట్టుకో, ఉచితం. ఇల్లే కాబట్టి చిరునామా కనపడకూడదంటే దాచి, ఏ ఊళ్లకి సరుకిస్తావో మాత్రం పెట్టుకోవచ్చు. పానకాల స్వామి దర్శనానికి వచ్చిన జనం కొండ దిగాక చీరల కోసం మ్యాప్‌లోనే వెతుకుతారు. లింక్డిన్ ఇప్పుడు నీకొద్దు. హోటళ్లకీ ఆఫీసులకీ బల్కుగా ఇచ్చే రోజు వస్తే అప్పుడు చూద్దాం. ఫేస్‌బుక్‌లో సొంత ప్రొఫైల్ మీద వ్యాపారం వద్దు, అయిదువేల మంది స్నేహితుల దగ్గర ఆగిపోతుంది, పేజీ తెరువు.

---

*(మూడు నెలల తర్వాత)*

పడుగుపేక_మంగళగిరి

అందరికీ మళ్లీ నమస్కారం. మీరు చెప్పినవి చేశాను కాబట్టి లెక్క చెప్తున్నాను.

శుభోదయాలన్నీ తీసేశాను. అమ్మ, పిన్ని, అమ్మ ఫంక్షన్‌లో కలిసినవాళ్లు, నా కాలేజీ వాళ్లు, అడిగి నంబర్లు తీసుకుంటే వాట్సాప్ లిస్టు 143 అయింది. మూడు నెలల్లో 19 చీరలు పోయాయి. పదకొండు వాట్సాప్ నుంచి, ఐదు ఇన్‌స్టా నుంచి, మూడు డాలస్ వదినగారు వాళ్ల స్నేహితులకి. యాడ్‌కి ఒక్క రూపాయి పెట్టలేదు. రెండు మగ్గాల్లో ఒకదాని మీద ఇంకా కూలి పనే నడుస్తోంది, అంతకన్నా ఎక్కువ ఆర్డర్లొస్తే నేయలేం కూడా.

ధర పెట్టాక ఊళ్లో ఏమీ అవలేదు. మాస్టర్ వీవర్ గారబ్బాయి చూసి "1,850కే ఇస్తున్నారా, తక్కువ" అన్నాడట.

ఒక దెబ్బ తిన్నాను. పెళ్లికని ఒకావిడ ఆరు చీరలకి అడ్వాన్స్ ఇచ్చారు, ఇరవై రోజుల్లో ఇస్తానన్నాను. వారం వానలు పట్టాయి. గుంట మగ్గం సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కాళ్లు పెట్టే గుంటలో నీళ్లూరి పని ఆగిపోయింది. మొదట రెండు రోజులు ఆవిడ మెసేజ్‌కి జవాబివ్వకుండా దాక్కున్నాను. తర్వాత గుంటలోంచి నాన్న చెంబుతో నీళ్లు తోడుతుంటే పది సెకన్ల వీడియో తీసి, "ఆలస్యమవుతుందండీ, వద్దనుకుంటే అడ్వాన్స్ తిరిగి వేసేస్తాను" అని పంపాను. ఆవిడ నాలుగు చీరలకి ఆగారు, రెండింటికి డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు వానాకాలంలో నలభై రోజులని ముందే చెప్తున్నాను.

ఇంకో విషయం. అంచు నేసే వీడియో ఒకటి పెట్టాను, పాట లేకుండా. దాని కింద చీరాల నుంచి ఒక పెద్దాయన "ఎడమ అంచు దగ్గర పోగు జారుతోంది, అచ్చు పళ్లు (పోగులు దూరే దువ్వెన పళ్లు) ఒకసారి చూసుకోండి" అని రాశారు. నాకు చిన్నతనమనిపించి కామెంట్ తీసేద్దామనుకున్నాను. నాన్నకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చూసి, ఏమీ మాట్లాడకుండా మగ్గంలోకి దిగాడు. నిజంగానే రెండు పళ్లు వంగి ఉన్నాయి. ఆ సాయంత్రం "ఆయన నంబరు అడుగు" అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్లో నూలు ధరల గురించి గంట మాట్లాడుకుంటున్నారు, నా ఫోన్లోనే, నా డేటాతోనే.

ల్యాబ్_కోటు_14

బాగుందమ్మా. నాదీ చెప్తాను. యూనిట్ ఇంకా మూయలేదు. పాత కొలీగ్‌లు 34 మంది దొరికారు. పరవాడ నుంచి ఒక ఇంటర్వ్యూ అయింది, రెండో రౌండు వచ్చే వారం. కాలమ్ ప్రెషర్ మీద రాసిన జవాబు చూసే పిలిచారట.

హెచ్ఆర్_అక్క

నేను చెప్పలే? రెండో రౌండులో జీతం వాళ్లని ముందు చెప్పనివ్వండి.

డాలస్_వదిన

అమ్మాయ్, ఆ వంకాయ రంగు మళ్లీ వేస్తున్నారా? మా ఆడపడుచు అడుగుతోంది.

పడుగుపేక_మంగళగిరి

పడుగు ఎక్కింది వదినా. ఎండ వస్తే నలభై రోజులు కూడా పట్టదు.